ప్రెషర్ వాషర్‌తో ఉచిత సేవ చేయాలనుకుంటున్నారా? ముందు స్థలం చూసి రండి

కార్ వాషింగ్, వాటర్ ట్యాంకుల క్లీనింగ్ చేస్తుంటామని, ఆదివారాలు ఊళ్లోని ప్రభుత్వ బడి, వృద్ధాశ్రమం, పాత గుడి ఉచితంగా కడగాలనుందని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. గుంటూరులో నాదీ ఇదే పని. తప్పకుండా చేయండి తమ్ముడూ. కాకపోతే డబ్బు తీసుకునే పనికి ముందుగా స్థలం చూసి వస్తాం కదా, ఉచితంగా చేసేదానికి ఇంకా జాగ్రత్తగా చూసి రావాలి. డబ్బిచ్చినవాళ్లు గోడ పెచ్చులూడితే నిలదీస్తారు. ఉచితంగా చేయించుకున్నవాళ్లు మొహమాటంతో ఏమీ అనలేరు.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు మునిగిపోయాయి. నీళ్లు తగ్గాక ప్రభుత్వం ఫైరింజన్లతో వీధులు, ఇళ్లు కడిగించింది. మాలాంటివాళ్లం కొందరం ప్రెషర్ వాషర్ మిషన్లు వేసుకుని వెళ్లాం. అక్కడ మా చేతికి ముందు వచ్చింది నీళ్లు చిమ్మే గన్ కాదు, పార. మందంగా ఉన్న బురద మీద గన్ పెడితే గోడలకు, సీలింగుకు చిమ్ముతుందే తప్ప బయటికి పోదు. పచ్చిగా ఉండగానే పారతో, వైపర్‌తో లాగేయాలి. అంతకంటే ముందు గుమ్మం ఎదుటి సైడు కాల్వలో పూడిక తీయించాలి, లేదంటే మనం కడిగిన నీళ్లు పక్కింట్లోకి పోతాయి. ఆ తర్వాత వెనక గదిలో మొదలుపెట్టి, గోడ పైనుంచి కిందికి కొట్టుకుంటూ వీధి వైపు రావాలి.

ఒకింట్లో ఒకావిడ కుట్టుమిషన్ చూపించి "బాబూ, దీని మీద కూడా కొట్టండి" అన్నారు. ఆమెకు అదే బతుకుతెరువు. గన్ పెడితే ఒండ్రు బేరింగుల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. మా కుర్రాడొకడు బ్రష్షు, మగ్గు నీళ్లు పట్టుకుని దాని ముందు కూర్చుని, భాగాలు విప్పి కడిగి, తుడిచి, ఎండబెట్టి నూనె వేశాడు. చక్రం తిప్పితే సూది కదిలింది. ఆ వీధిలో మేం చేసినవాటన్నిటిలో అదే పెద్ద పని అని ఇప్పటికీ అంటాను. వరద బురదలో దిగేవాళ్లకు గంబూట్లు, గ్లౌజులు తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి గాయానికి తగిలితే ఎలుక జ్వరం వచ్చే ప్రమాదం ఉంది.

బడి పని వేసవి సెలవుల్లో, జూన్‌లో తెరిచేలోపు పెట్టుకోండి. హెడ్‌మాస్టర్ అనుమతి కాగితం మీద తీసుకోండి. ఎండాకాలంలో బడి బోరు మీద ఆధారపడొద్దు. నిమిషానికి 10 లీటర్లు తాగే మిషన్‌కు 5,000 లీటర్ల ట్యాంకర్ ఎనిమిది గంటలు వస్తుంది, పంచాయతీనో మున్సిపాలిటీనో అడగండి. పాత వైరింగ్ మీద 2 కిలోవాట్ల మోటారు పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు మీరే తీసుకెళ్లండి. సున్నం, డిస్టెంపర్ గోడల జోలికి పోవద్దు, 100 బార్ ప్రెషర్ ధాటికి రంగు ఊడొస్తుంది. గచ్చుకు వెడల్పుగా చిమ్మే నాజిల్ చాలు, ధార సన్నగా, సూటిగా కొట్టే సున్నా డిగ్రీల ఎర్ర నాజిల్ ఇంట్లో వదిలేయండి. పిల్లలను దగ్గరికి రానీయొద్దు. ఆ ధార చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

బడిలో అన్నిటికంటే మన అవసరం ఉన్నది మరుగుదొడ్లకు. పసుపు గార మాత్రం గన్‌తో వదలదు, టాయిలెట్ క్లీనర్, బ్రష్షు కావాలి. ఆ క్లీనర్‌లో ఉండే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలవనీయొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

పాత గుడి విషయంలో మాత్రం వద్దనే చెబుతాను. రాతి మీద శిల్పం, శాసనం అక్షరాలు ప్రెషర్‌కు అరిగిపోతాయి, సున్నపు అతుకులు లేచిపోతాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉంటే అసలు ముట్టుకోకూడదు. దేవాదాయ శాఖ గుడి అయితే ఈవోను అడిగి, బయటి సిమెంటు గచ్చు వరకే కడగండి.

మీతో వచ్చే కుర్రాళ్లకు ఆ రోజు కూలి మీరే ఇవ్వండి. వాళ్లంతట వాళ్లు వద్దంటే అది వేరు. విరాళాలకు ఇచ్చే పన్ను మినహాయింపు మన శ్రమకు రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

నన్నడిగితే వృద్ధాశ్రమంతో మొదలుపెట్టండి. బాత్‌రూముల్లో, అక్కడికి వెళ్లే దారిలో పాచి మీద పెద్దవాళ్లు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. బ్లీచింగ్ నీళ్లు పోసి పావుగంట ఆగి, చీపురుతో రుద్ది, గన్‌తో కడిగి, ఆరేదాకా ఎవరినీ నడవనీయకండి. మీ మిషన్ ఎన్ని బార్లదో, అక్కడ గచ్చు సిమెంటుదో టైల్సో రాస్తే ఏ నాజిల్ వాడాలో చెబుతాను.