వెళ్లండి, మీరు వచ్చేశాక ఏం జరిగిందో అడిగి తెలుసుకోండి

మీ ఉత్తరం చదివాను. 2018లో తిత్లీ తుపాను తర్వాత కాలేజీ జట్టుతో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్లి సహాయ పనులు చేశానన్నారు. ఇప్పుడు ఉద్యోగంలో కుదురుకున్నాక ఆ ఊరు మళ్లీ చూడాలనిపిస్తోందన్నారు. "ఎవరికైనా గుర్తుంటానా? వెళ్తే మానిన పుండు రేపినట్టు అవుతుందా?" అని అడిగారు.

వెళ్లమనే చెప్తాను. గుర్తుంటారా అంటే, బహుశా ఉండరు. ఆ మాట మనసుకి ముందే చెప్పుకుని బయల్దేరండి. ఇక పుండు రేపడం అంటారా, అది మీరు వెళ్లి ఏం అడుగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. వెళ్లడం వల్ల ఎవరికీ నష్టం లేదు.

నాది దివిసీమ అనుభవం. 1977లో గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్యనున్న నేలే దివిసీమ. నవంబర్ 19, శనివారం నాడు దాని మీద ఉప్పెన పడింది. తాటిచెట్టంత కెరటం వచ్చిందని అక్కడివాళ్లు చెప్తారు, నిపుణులు అయిదారు మీటర్లని అంచనా కట్టారు. ఏ లెక్కన చూసినా పూరిళ్లున్న ఊళ్లో దాన్ని తప్పించుకునే దారి లేదు. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే పదివేలకి దగ్గర. అక్కడివాళ్లెవరూ ఆ లెక్క ఒప్పుకోరు, అంతకంటే చాలా ఎక్కువంటారు. రోడ్లు తెగాయి, తీగలు తెగాయి, ఎంత నష్టం జరిగిందో బయటికి తెలియడానికే రోజులు పట్టింది. తర్వాత రాష్ట్రమంతా కదిలింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి నటులు వీధుల్లోకొచ్చి జోలె పట్టారు. అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకట కృష్ణారావు గారి పేరు ఆ పునరావాసంతో విడదీయలేనంతగా కలిసిపోయింది. ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులు వచ్చారు. అందులో మేమూ ఉన్నాం. రేపల్లె దాకా లారీలో వెళ్లి, పెనుమూడి రేవులో పడవెక్కి అవతలి ఒడ్డుకి చేరాం.

మొదట మాకు అప్పజెప్పింది శవాల పని. కర్పూరం మూటకట్టిన గుడ్డ ముక్కుకి కట్టుకుని, దొరికిన కర్రలూ కిరసనాయిలూ పోగుచేసి దహనాలు చేశాం. దాని గురించి ఇంతకంటే రాయను. తర్వాత చెరువులు. మంచినీళ్ల చెరువుల్లో ఉప్పునీరూ, అందులో గొడ్ల కళేబరాలూ. వాటిని లాగి, నీళ్లు తోడి, సున్నం చల్లడం. మూడోది ఎవరూ ఊహించని పని: గిన్నెలు, బిందెలు ఏరడం.

మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటాం కదా. కెరటం లాక్కెళ్లిన సామాను మైళ్ల దూరంలో పొలాల్లో, తుమ్మచెట్ల కింద బురదలో కూరుకుపోయింది. దాన్ని ఏరుకొచ్చి, కడిగి, ఒక బడి వరండాలో పేరు పైకి కనబడేలా వరసగా బోర్లించేవాళ్లం. జనం వచ్చి ఆ వరసల వెంట వంగి చదువుకుంటూ నడిచేవాళ్లు. చదువు రానివాళ్లకి మేం చదివి వినిపించేవాళ్లం. కొన్ని పేర్లకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మాలో ఒకడు ఆ పేర్లన్నీ నోటుపుస్తకంలో రాసి, ఆ బడి అయ్యవారి చేతికిచ్చి వచ్చాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మేం వచ్చేసిన తర్వాత చాలా ఏళ్లు నా బుర్రలో ఆ ఊరు ఆ వరండా దగ్గరే ఆగిపోయింది. సేవకని వెళ్లినవాళ్లందరికీ ఇంతే అనుకుంటాను. ఒక ఊరిని దాని బతుకులోకెల్లా చెడ్డరోజున చూస్తాం, కొన్నాళ్లుండి వచ్చేస్తాం. మనకి అదే ఊరు. అక్కడివాళ్లకి మాత్రం ఆ తర్వాత నాట్లు ఉన్నాయి, అప్పులు ఉన్నాయి, పెళ్లిళ్లు ఉన్నాయి, ఇంకో తుపాను కూడా ఉంది. మీరు వెళ్లి తెలుసుకోవాల్సింది అదీ.

నేను మళ్లీ వెళ్లేసరికి ముప్పై ఏళ్లు దాటిపోయాయి. పెనుమూడి నుంచి పులిగడ్డకి వంతెన వచ్చేసింది. మేం భయంభయంగా పడవలో దాటిన నదిని బస్సు అలవోకగా దాటేసింది. అవనిగడ్డ నుంచి షేర్ ఆటోలో నాగాయలంక వైపు వెళ్లాను. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లు ఇంకా ఉన్నారు. వరి పొలాలని గుర్తుపెట్టుకున్న చోట రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లకి గాలి పట్టిస్తూ తిరుగుతున్న ఏరేటర్లు. ఎటు చూసినా ఒక్క గుర్తూ దొరకలేదు. "ఎవరింటికి బాబాయ్?" అని ఆటో కుర్రాడు అడిగితే ఏ ఇంటి పేరూ చెప్పలేకపోయాను. సంగతి విని అతనే నన్ను రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన పక్కన కూర్చోబెట్టి వెళ్లాడు.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గుంటూరు కాలేజీ కుర్రాళ్లు వచ్చారు, ఔను. చెరువు తోడారు. సరిగ్గా మీసాలు కూడా రాని పిల్లలు, ఎట్టా చేశారో ఆ పని! మీరు ఆ జట్టులో వారా?" అన్నారు. నా మొహం గుర్తులేదు, పేరు ఎప్పుడూ తెలియదు. జట్టు గుర్తుంది, చేసిన పని గుర్తుంది. నాకు అదే ఎక్కువ తృప్తిగా అనిపించింది. మీకూ "ఆ కాలేజీ పిల్లలా?" అన్న పలకరింపే దొరకొచ్చు. దాన్ని తక్కువగా తీసుకోకండి.

నేను ఉప్పెన రాత్రి గురించి ఆయన్ని ఏమీ అడగలేదు. "మేం వెళ్లాక ఈ పొలాలు ఎట్లా బాగుపడ్డాయండీ?" అని అడిగాను. అంతే, ఒక పూటంతా చెప్పారు. నేల మీద తెల్లగా ఉప్పు తేలిందట. కాలవ నీళ్లు పెట్టడం, తీసెయ్యడం, మళ్లీ పెట్టడం. పచ్చిరొట్ట కోసం జీలుగ చల్లి కలియదున్నడం. మొదటి కారు పంట చేతికి రాకపోతే ఊరొదిలి వెళ్లిపోదామని అనుకున్నవాళ్లూ, వాళ్లని ఆపినవాళ్లూ. భార్యని పోగొట్టుకున్న మగవాళ్లకీ, భర్త పోయిన ఆడవాళ్లకీ పెద్దలే కూర్చుని పెళ్లిళ్లు చేశారట. రెండు ఇళ్లలో మిగిలిన పిల్లలు ఒక ఇంట్లో అన్నదమ్ములుగా పెరిగారట. ఆ పిల్లల్లో ఒకరు ఇప్పుడు రైతుగా ఎంత గట్టివాడో చెప్తుంటే ఆయన గొంతులో వచ్చిన గర్వం నేను 1977లో చూడలేనిది. మధ్యలో తనంతట తానే ఆ రాత్రి గురించి రెండు మాటలు చెప్పి ఆగిపోయారు. నేను కదిలించలేదు. చెప్పాలనుకున్నవాళ్లు ఎంత చెప్పాలనుకుంటే అంతే చెప్తారు.

గిన్నెల సంగతి కూడా ఆయన మాటల్లోనే వచ్చింది. వాళ్ల అక్కయ్య పేరున్న బిందె ఆ వరండాలో దొరికిందట, అక్కయ్య దొరకలేదు. ఆ బిందె ఇంట్లో ఇంకా వాడుతున్నారు. అటక మీద పెట్టలేదా అని అడిగాను. "నీళ్లకి కొన్నది, నీళ్లకే వాడాలిగా" అన్నారు.

ఫోటోల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఫోన్‌లో వందలు ఉండి ఉంటాయి. మాలో ఒక్కడి దగ్గరే కెమెరా ఉండేది. ఆ ఫోటోలు కొన్ని నా దగ్గరున్నాయి. వెళ్లేముందు వాటిని విడదీశాను. శవాలు, కూలిన ఇళ్లు కనబడేవి ఇంట్లోనే పెట్టేశాను. బియ్యం కోసం చేతులు చాపి నిలబడ్డవాళ్ల ఫోటోలు కూడా వదిలేశాను. ఒక రైతుని ఆ భంగిమలో తన మనవల ముందు నిలబెట్టే హక్కు మనకి లేదు. మిగిలినవాటిలో పిల్లల గుంపు ఫోటో ఒకటి ఉంది. అది చేతులు మారుతూ వెళ్తుంటే ఒకావిడ వేలు పెట్టి, "ఇది నేనే అన్నయ్యగారూ" అన్నది. పట్నం నుంచి వచ్చిన పాతబట్టల మూటలోంచి తీసి తొడిగిన మగాళ్ల చొక్కా, మోకాళ్ల కిందికి వేలాడుతోంది, చేతులు నాలుగు మడతలు. ఆమెకి చిన్నప్పటి ఫోటో ఇంకొకటి లేదు. ఇల్లే పోయినప్పుడు ఫోటోలెక్కడివి? పక్కన నిలబడ్డది తన మేనత్తనీ, తర్వాత తనని పెంచింది ఆవిడేననీ చెప్పి, ఆ ఫోటో ఇవ్వమని అడిగింది. ఇచ్చేశాను. అందుకే చెప్తున్నా: మీ ఫోన్‌లో ఉన్నవి వెతికి, మనుషులు మనుషుల్లా కనబడేవి ప్రింట్లు తీయించి పట్టుకెళ్లండి. మీరు తీసుకెళ్లగలిగిన వాటిలో అంతకంటే విలువైనది లేదు. దుప్పట్లూ, బియ్యం మూటలూ మళ్లీ మోసుకెళ్లకండి. ఎవరి చేతిలోనైనా డబ్బు పెట్టకండి. వాళ్లిప్పుడు బాధితులు కారు, మీరు వాళ్లింటికి వచ్చిన చుట్టం.

ఏ రోజున వెళ్లాలన్నది కూడా చూసుకోండి. దివిసీమలో ఏటా నవంబర్ 19న స్మారక స్థూపం దగ్గర నివాళులు అర్పిస్తారు, దానికి బయటివాళ్లు వెళ్లొచ్చు, వెళ్తే గౌరవమే. ఇళ్లలో మాత్రం తద్దినాలు తిథి ప్రకారం. ఆ ఏడు అది కార్తీకమాసం. ఊరంతా ఒకే తిథి. ఏ ఇంట్లో చూసినా అదే రోజు, పిలవడానికి బంధువులు కూడా మిగలని ఇళ్లున్నాయి. ఆ రోజు పరాయి మనిషి గుమ్మంలో నిలబడి పలకరించే రోజు కాదు. మొదటిసారి మామూలు రోజున వెళ్లడమే మంచిది.

ఇంకొక్క సంగతి, నేను ఊహించకుండా తెలుసుకున్నది. ఆ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబర్ 1న బందరులో వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. కానీ 1977 నాటికి అది ముసలివాళ్లు చెప్పే కథ అయిపోయింది. 1990 మే 9న మళ్లీ దాదాపు అంత బలమైన తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి రాష్ట్రం మొత్తమ్మీద చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. హెచ్చరికలు ముందే వచ్చాయి, లక్షన్నర మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు, స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టర్లు వచ్చాయి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న కారణాలే. "మమ్మల్ని ఎవరూ బతిమాలక్కర్లేకపోయింది, రేడియోలో చెప్పగానే పిల్లల్ని చంకనేసుకుని నడిచాం" అని ఆ ఫోటో అడిగినావిడ చెప్పేదాకా మిగతాది నాకు తెలియలేదు. మేం తోడిన చెరువు గురించి నేను ఎన్నోసార్లు తలుచుకున్నాను. ఆ ఊరు తన పిల్లల్ని తానే ఎలా కాపాడుకుందో మాత్రం వెళ్లేదాకా ఒక్కసారీ ఆలోచనకి రాలేదు. షెల్టరు చూపించమని అడిగాను. పెచ్చులూడి, ఇనుప చువ్వలు బయటికి వచ్చి ఉంది. తాళం ఎవరి దగ్గరుంటుందో ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వచ్చాయి. ఆ సంగతి అక్కడి కుర్రాళ్లతో గట్టిగానే మాట్లాడాను. వాళ్లు అప్పటికి పుట్టనివాళ్లు. ఉప్పెన వాళ్లకి మళ్లీ కథ అయిపోతోంది. సాయం చేయాలని చెయ్యి దురద పెడితే ఇలాంటిచోట పెట్టండి.

మీ విషయానికొస్తే, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. మీరు చూసింది అడ్డంగా పడిపోయిన తోటలే. నాటు కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంటే ఆ వెంటనే నాటిన మొక్కలు ఈపాటికి కాపులోకి వచ్చి ఉండాలి. తుపాను ఎలా వచ్చిందని అడగొద్దు, అది మీకూ తెలుసు. మొక్కలు ఎక్కడి నుంచి తెచ్చారు, కాపు లేని ఏళ్లలో ఇల్లు ఎలా గడిచింది, వలస ఎవరు వెళ్లారు, తిరిగి వచ్చారా, పరిహారం అందరికీ అందిందా, అంతరపంటగా ఏం వేశారు, ఇవి అడగండి. తోటలోకి తీసుకెళ్లి చూపించమనండి. అడిగితే కాదనే రైతు ఉండడు.

అప్పట్లో మీకు దారి చూపించిన స్థానిక కుర్రాడు ఎవరో ఒకడు ఉండే ఉంటాడు, అలాంటివాడు లేకుండా ఏ జట్టూ పనిచేయలేదు. అతని నంబరు ఇంకా పనిచేస్తుందేమో చూడండి. ముందు అతనికి ఫోన్ చేసి, ఎప్పుడు వస్తే పనులకి అడ్డం కాకుండా ఉంటుందో కనుక్కుని, ఆ రోజుకి టికెట్ తీసుకోండి. కెమెరా జట్టుని వెంటేసుకెళ్లకండి. అప్పుడు మీతో వచ్చిన స్నేహితుల్లో ఒకరిద్దరు తోడొస్తే చాలు.