సముద్రంలో రిలే, గరిటెల ఫొటోలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సార్, మా నాన్నవాళ్లు బోటు మీద వేటకెళ్తారు. బాగా లోపలికి పోతే ఒడ్డునున్న వీహెచ్ఎఫ్ సెట్‌కి (బోట్లతో మాట్లాడే రేడియోకి) మాట అందదు, ఇంట్లో అమ్మకి టెన్షన్. మధ్యలో ఉండే బోటులో రిలే (సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పరికరం) పెడితే మాట అందుతుంది గానీ గరగర కూడా పెరుగుతుందని మా సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– ఈసీఈ విద్యార్థి, కొత్తపట్నం

జవాబు: నిజమే తమ్ముడూ, కానీ అన్ని రిలేలకీ కాదు. ముందు మాట ఎందుకు అందట్లేదో చూడు. వీహెచ్ఎఫ్ తరంగం దాదాపు నేరుగా పోతుంది, కాబట్టి భూమి వంపే దానికి అడ్డం. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే అది ఎన్ని కిలోమీటర్లు అందుకుంటుందో సుమారుగా తెలుస్తుంది. బోటు మీద 4 మీటర్ల ఎత్తుకి 8, ఒడ్డున 25 మీటర్ల స్తంభానికి 20 పైచిలుకు, రెండూ కలిపితే 28 దాకా. అది దాటాక పవర్ పెంచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు, అందుకే మధ్యలో ఇంకో బోటు కావాలి.

ఇక గరగర. విన్నదాన్ని విన్నట్టే పెంచి పంపే యాంప్లిఫై అండ్ ఫార్వర్డ్ రిలే మాటతో పాటు గరగరనీ పెంచుతుంది, మీ సీనియర్లు చెప్పింది దీని గురించే. డిజిటల్‌లో చేసే డీకోడ్ అండ్ ఫార్వర్డ్ అలా కాదు, వచ్చిన బిట్లు సున్నాలో ఒకట్లో ముందు తేల్చుకుని మళ్లీ కొత్తగా పంపుతుంది. అయితే తప్పుగా తేల్చుకుంటే ఆ తప్పే గట్టిగా వెళ్తుంది కాబట్టి సీఆర్‌సీతో, అంటే బిట్లు చెడిపోయాయేమో పట్టిచ్చే తనిఖీ అంకెతో సరిచూసి, తేడా వస్తే పంపకుండా ఆగేలా చెయ్యాలి. ఇంకోటి, ఒకే ఫ్రీక్వెన్సీలో వింటూనే పంపడం చాలా కష్టం, తన సిగ్నలే దూరం నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని మింగేస్తుంది. అందుకని కాసేపు వినడం, కాసేపు పంపడం, వేగం సగానికి పడిపోవడం. నేరుగా బాగా అందే చోట రిలే దండగే.

ప్రాజెక్టుగా తప్పకుండా చెయ్యి, కానీ ల్యాబులోనే. నాన్న సెట్ జోలికి పోవద్దు, 16వ ఛానల్ ఆపదలో పిలవడానికి ఉన్నది, దానికి ఆటంకం వస్తే ప్రాణాల మీదికొస్తుంది.

ప్రశ్న: మా కొయ్య గరిటెల ఫొటోలు వేలల్లో ఉన్నాయండీ. కస్టమర్ ఒక ఫొటో పంపి ఇలాంటిదే కావాలంటే వెతకలేక చస్తున్నాం. రంగుని బట్టి వెతికే ప్రోగ్రామ్ రాయించాం, పనిచెయ్యలేదు.
– ఒక సోదరి, ఉదయగిరి

జవాబు: పనిచెయ్యదమ్మా, అన్నీ కొయ్య రంగే కదా. మీకు కావాల్సింది ఆకారం. గరిటె అంచు వెంట చుట్టూ బిందువులు తీసుకుని వాటికి ఫూరియర్ పరివర్తన (ఆకారాన్ని కొన్ని అంకెలుగా మార్చే లెక్క) చేయించండి. వచ్చిన అంకెల్లో మొదటిది గరిటె ఫొటోలో ఎక్కడుందో చెప్పేది, దాన్ని వదిలెయ్యాలి. మిగతా ఒక్కో అంకెకీ పరిమాణం, కోణం రెండూ ఉంటాయి, పరిమాణం మాత్రమే ఉంచుకుంటే గరిటె ఏ పక్కకి తిరిగి ఉన్నా ఒకటే, వాటిని రెండో అంకె పరిమాణంతో భాగిస్తే దగ్గర్నుంచి తీసినా దూరం నుంచి తీసినా ఒకటే. ఒక్కో గరిటెకి ఓ ఇరవై అంకెలు దాచుకుంటే చాలు, వేల ఫొటోలైనా మామూలు కంప్యూటర్ చిటికెలో పోలుస్తుంది. ఇకమీదట ఫొటో తీసేటప్పుడు కింద ముదురు రంగు గుడ్డ పరవండి, అంచు తేటగా దొరుకుతుంది.