డైనమోను తీసేయకండి

ప్రశ్న: మా నాన్నగారి సైకిల్‌ను ఈమధ్యే తిరిగి తొక్కడం మొదలుపెట్టాను. ముందు చక్రం పక్కన సీసా ఆకారంలో డైనమో, హ్యాండిల్ కింద గుండ్రటి లైటు, వెనుక మడ్‌గార్డు మీద చిన్న ఎర్ర లైటు ఉన్నాయి. ముందు లైటు మినుకుమినుకుమంటోంది, వెనుకది అసలు వెలగడం లేదు. టార్చిలోంచి తీసిన ఎల్‌ఈడీని ముందు లైటులో పెట్టి చక్రం తిప్పితే రెండు క్షణాలు వెలిగి ఆరిపోయింది. డైనమో పాడైంది, తీసేసి ఛార్జింగ్ లైట్లు పెట్టుకో అంటున్నారు అందరూ. సైకిల్ రూపం చెడకుండా మంచి వెలుతురు వచ్చే దారి ఉందా అండీ?

జవాబు: ఉందమ్మా. మీ డైనమో కూడా బాగానే ఉంది. పాడైపోయిన డైనమోకు ఎల్‌ఈడీని కాల్చే సత్తువ ఉండదు. రెండు క్షణాల్లో మాడ్చేసిందంటే లోపలి అయస్కాంతం, తీగచుట్ట ఇంకా గట్టిగా ఉన్నాయని అర్థం. దయచేసి దాన్ని తీసేయకండి. ముప్పై ఏళ్లుగా పాత సైకిళ్లు విప్పి బిగిస్తున్నాను. లైటు వెలగడం లేదని నా దగ్గరికి వచ్చిన వాటిలో డైనమో నిజంగా చెడిపోయినవి చాలా తక్కువ. తప్పు తీగలోనో, తుప్పులోనో దొరుకుతుంది.

డైనమోను గుడ్డతో తుడిచి చూడండి. 6 వోల్టులు, 3 వాట్లు అని ఉంటుంది. అందులో 2.4 వాట్లు ముందు బల్బుకు, 0.6 వాట్లు వెనుక బల్బుకు. కరెంటు లెక్కలో మొత్తం అర ఆంపియరు: ముందుకు 0.4, వెనక్కి 0.1. ఈ డైనమోకు ఒక స్వభావం ఉంది. సైకిల్ కాస్త వేగం అందుకున్నాక, మీరు ఎంత గట్టిగా తొక్కినా అది ఆ అర ఆంపియరుకు అటూ ఇటూగానే ఇస్తుంది. ముందు బల్బుకు దారి తెగితే ఆ కరెంటంతా వెనుక బల్బు మీద పడుతుంది. 0.1 ఆంపియరు కోసం తయారైన బల్బు దానికి ఐదింతలు మోయలేదు. మీ ముందు లైటు మినుకుమంటోందంటే దాని దారి తెగుతూ కలుస్తూ ఉందన్నమాట. అలా తెగినప్పుడే ఎప్పుడో మీ వెనుక బల్బు మాడిపోయి ఉంటుంది. రెండు రోగాలకూ మూలం ఒకటే.

టార్చి ఎల్‌ఈడీ పోవడానికి కారణం వేరు. డైనమో అని పిలుస్తున్నా, ఇది ఇచ్చేది ఏసీ కరెంటు. చక్రం తిరుగుతున్నంతసేపూ దాని దిశ అటూ ఇటూ మారుతూ ఉంటుంది. పాత ఫిలమెంటు బల్బుకు దిశతో పనిలేదు, తీగ వేడెక్కితే చాలు. ఎల్‌ఈడీ అలా కాదు. అది ఒక దిశలోనే కరెంటును పోనిస్తుంది. ఎదురు దిశలో వచ్చే కరెంటును అది ఆపి ఉంచినప్పుడు డైనమో వోల్టేజీ 6 దాటి చాలా పైకి ఎగబాకుతుంది. 3 వోల్టుల దగ్గర పనిచేసే చిన్న ఎల్‌ఈడీ దాన్ని తట్టుకోలేదు.

కొత్త లైటు కొనకముందు ఒక పని చేయండి. పాత సైకిళ్లలో డైనమో నుంచి ఒక్కో లైటుకు ఒక్క తీగే వెళ్తుంది. కరెంటు తిరిగి రావడానికి ఫ్రేమే రెండో తీగ. డైనమో బ్రాకెట్టులో మొనదేలిన చిన్న స్క్రూ ఒకటి కనిపిస్తుంది. పెయింటును చీల్చుకుని వెళ్లి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు ఇనుమును తాకడమే దాని పని. దాన్ని మెల్లగా వెనక్కి తిప్పి బయటికి తీయండి. మొన మీద కాఫీపొడి రంగులో తుప్పు అంటుకుని ఉంటుంది, ఫోర్కు మీద ఆవగింజంత గుంటలో కూడా అదే పొడి. మొనను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. గుంటలోని తుప్పును గుండుసూదితో గీకి, స్క్రూను తిరిగి బిగించండి. పైన చుక్క గ్రీజు రాస్తే నీరు చేరదు. చాలాసార్లు ఇంతమాత్రానికే ముందు లైటు నిలకడగా వెలుగుతుంది.

అయినా ఫ్రేమును నమ్ముకోవద్దనే చెబుతాను. వెనుక లైటు నుంచి తిరిగివచ్చే కరెంటు హ్యాండిల్ కింది బేరింగు గుండ్లను దాటుకుని ఫోర్కులోకి రావాలి. ఆ గుండ్ల చుట్టూ ఉండేది గ్రీజు. గతుకు వచ్చినప్పుడు కలుస్తుంది, మంచి రోడ్డు మీద విడిపోతుంది. అందుకే జంట తీగ తెచ్చి రెండు లైట్లకూ రెండేసి తీగలు లాగండి. నల్ల తీగ తీసుకుని ఫ్రేము గొట్టం అడుగుభాగాన నడిపిస్తే బయటికి కనిపించదు. హ్యాండిల్ దగ్గర మాత్రం కాస్త వదులుగా చుట్ట వదలండి. లేకపోతే మలుపు తిరిగినప్పుడల్లా తీగ లాగుకుని, కొన్నాళ్లకు పైతొడుగు లోపలే తెగుతుంది. అలాంటి తెగుడును వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

ఇక ఎల్‌ఈడీ సంగతి. మీ పాత లైటు గుల్లను అలాగే ఉంచి, మరలు ఉన్న బల్బు స్థానంలో అదే కొలతలో దొరికే 6 వోల్టుల ఎల్‌ఈడీ బల్బు పెట్టవచ్చు. ఏసీకి పనికొస్తుందని దాని మీద స్పష్టంగా ఉండాలి. అయితే పాత అద్దం ఫిలమెంటు ఉండే చోటును లెక్కలోకి తీసుకుని వంచినది. ఎల్‌ఈడీలో వెలుగు పుట్టే చోటు కొద్దిగా జరిగినా కాంతి రోడ్డు మీద ముద్దగా పడదు, చెదిరిపోతుంది. వీధిదీపాలున్న దారిలో ఇది చాలు. చీకటి దారిలో తొక్కేవారైతే డైనమో కోసమే తయారైన ఎల్‌ఈడీ లైటు కొనండి. ఏసీని ఒకే దిశలో పోయే డీసీగా మార్చే భాగమూ, వోల్టేజీ పెరిగితే కాపాడే భాగమూ లోపలే ఉంటాయి. చాలావాటిలో కరెంటును కాసేపు దాచి ఉంచే పెద్ద కెపాసిటర్ కూడా ఉంటుంది కనుక మీరు ఆగినా కొన్ని నిమిషాలు చిన్నగా వెలుగుతూ ఉంటుంది. కూడలిలో కాలు నేలకు ఆనించి నిలబడ్డప్పుడు వెనుక లైటు ఆరిపోవడమే పాత డైనమో లైట్లలో నన్ను ఎప్పుడూ భయపెట్టిన విషయం. కాబట్టి ఆగినా వెలిగే రకాన్ని వెనుకకు తప్పకుండా తీసుకోండి. అది కూడా డైనమోకు పనికొచ్చేదే అయివుండాలి. పాత లైటు గుల్లలను గుడ్డలో చుట్టి దాచుకోండి. బిగించే బోల్టులు పాతవే కనుక ఎప్పుడైనా తిరిగి పెట్టుకోవచ్చు.

డైనమో నిలబడే తీరు కూడా చూడండి. పక్కనుంచి చూస్తే డైనమో మధ్యగీత నేరుగా చక్రం ఇరుసు వైపు చూపాలి. వంకరగా ఉంటే టైరు పక్కగోడను తినేస్తుంది, తొక్కడమూ బరువవుతుంది.

చివరగా లైటు వంపు. సైకిల్‌ను గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టండి. లైటు నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే గోడ మీద వెలుగు మధ్యభాగం 40 సెంటీమీటర్ల దగ్గర పడాలి. అప్పుడది మీకు 10 మీటర్ల ముందు నేలను తాకుతుంది, ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడదు. కొత్త ఎల్‌ఈడీల వెలుగు చాలా తీక్షణం. ఎదుటివారికి కళ్లు చెదిరితే మనకే ప్రమాదం.

ప్రశ్న: నాది కడ్డీ బ్రేకుల పాత సైకిల్. ఛార్జింగ్ లైటు క్లాంపు హ్యాండిల్‌కు పట్టడం లేదు. బ్రేకు కడ్డీ అడ్డొస్తోంది.

జవాబు: హ్యాండిల్ మీద బలవంతంగా బిగించకండి, బ్రేకు కడ్డీ కదలిక ఆగిపోతుంది. మీ సైకిల్‌కు హ్యాండిల్ కింద, ఫోర్కు పైభాగాన నాలుకలా ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప పట్టీ ఉందేమో చూడండి. వెనుకటి రోజుల్లో లాంతరు తగిలించేది దానికే. 22 మిల్లీమీటర్ల గొట్టం ముక్కను దానికి అడ్డంగా బోల్టుతో బిగిస్తే ఏ క్లాంపయినా పడుతుంది. ఛార్జింగ్ లైటు పెట్టినా వెనుక ఎర్ర రిఫ్లెక్టర్‌ను తీయకండి. ఛార్జింగ్ అయిపోయిన రాత్రి మిమ్మల్ని కాపాడేది అదే.

ప్రశ్న: నా సైకిల్‌కు ముందు చక్రం మధ్యనుండే హబ్బులోనే డైనమో ఉంది, స్టర్మీ ఆర్చర్ కంపెనీది. ఎల్‌ఈడీ పెట్టేముందు విప్పి శుభ్రం చేద్దామనుకుంటున్నాను.

జవాబు: ఆగండి! అందులో చక్రంతో పాటు తిరిగే గుండ్రటి అయస్కాంతం ఉంటుంది, దాని మధ్యలో తీగచుట్ట. ఆ రెంటినీ విడదీసిన మరుక్షణం అయస్కాంతం బలం తగ్గిపోతుంది. మళ్లీ కలిపి బిగించినా ఆ బలం తిరిగి రాదు. నిగనిగలాడేలా తుడిచి, లైటు మాత్రం మసకబారిన హబ్బులను నేను చూశాను, ఎంతో బాధ కలిగింది. తప్పనిసరిగా తీయాల్సి వస్తే, తీగచుట్ట బయటికి జారుతుండగానే అదే కొలత ఇనుప కడియం దాని వెనకే లోపలికి వెళ్లాలి, మధ్యలో ఖాళీ మిగలకూడదు. ఆ కడియం చేతిలో లేనప్పుడు పైపైన తుడిచి, తీగలు బిగించే చోట్ల తుప్పు గీకి వదిలేయండి. ఆ రకం ఎక్కువగా 2 వాట్లే ఇస్తుంది, అయినా డైనమో ఎల్‌ఈడీ లైటుకు అది సరిపోతుంది.