దగ్గుకి అడ్డసరం రసమా, హోమియో గోళీలా?

అమ్మమ్మల కాలం నాటి పసర్లు, హోమియో గోళీలు నిజంగా పనిచేస్తాయా, దగ్గుకి ఏది వాడాలి అని అడిగారు. మా ఇంట్లో రెండూ నడిచాయి కాబట్టి చెప్తున్నా.

మా నాయనమ్మ అడ్డసరం ఆకుల్ని పెనం మీద వాడ్చి, పాత గుడ్డలో వేసి పిండేది. గుప్పెడు ఆకుకి చెంచాడు రసం కూడా రాదు, అదే తేనెలో కలిపి నోట్లో పోసేది, ఆ చేదు ఇక ఎంతకీ నాలుక వదిలేది కాదు. కానీ కళ్లె తెగేది. అందులో వాసిసిన్ అనే పదార్థం ఉంది, దగ్గు సిరప్ సీసాల మీద కనిపించే బ్రోమ్‌హెక్సిన్‌ని దాని ఆధారంగానే తయారుచేశారు. అలాగని చెట్టుమందేగా, ఏం కాదులే అనుకోకండి. అదే వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, కడుపుతో ఉన్నవాళ్లు దాని జోలికే పోకూడదు. పసిపిల్లలకి వసకొమ్ము అరగదీసి నాకించడం కూడా మానేయండి, వాంతులు పట్టుకుంటాయి.

హోమియో కథ వేరు. మా నాన్నకి చెక్కపెట్టె నిండా చిన్న చిన్న సీసాలు, గోళీ వేసుకున్నాక కాఫీ తాగొద్దు, పచ్చి ఉల్లిపాయ తినొద్దు అని బోలెడు ఆంక్షలు. అజీర్తికి ఇచ్చే నక్స్ వామికా అంటే మన ముష్టి గింజే, స్ట్రిక్నిన్ ఉన్న పచ్చి విషం! మరి పిల్లలం చప్పరించినా ఏమీ కాలేదేం అంటే, 30 పొటెన్సీలో గింజ జాడే ఉండదు. వందో వంతుకి పలుచన చేయడం, అలా 30 సార్లు, అంటే 1 పక్కన 60 సున్నాలు పెడితే వచ్చేన్ని వంతుల్లో ఒక్క వంతు. 12 సార్లు దాటేసరికే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగిలే అవకాశం దాదాపు పోతుంది. (మదర్ టింక్చర్ అని రాసున్న సీసా అలా కాదు, అందులో మూలిక సారం ఉంటుంది, జాగ్రత్త.) 1796లో ఈ పద్ధతి మొదలుపెట్టిన జర్మనీ డాక్టర్ హానిమన్ కాలంలో రోగికి రక్తం తీయడం, పాదరసం ఇవ్వడమే పెద్ద వైద్యం, వాటితో పోలిస్తే ఏమీ లేని గోళీయే నయం అనిపించిందంటే వింతేముంది. ఇప్పుడు మాత్రం జలుబు దానంతటదే తగ్గుతుంది, పేరు గోళీకి పోతుంది.

నేనైతే మామూలు దగ్గుకి అల్లం, తేనె, ఉప్పునీళ్లు పుక్కిలించడం, అంతే. ఏడాది లోపు పిల్లలకి తేనె కూడా పెట్టొద్దు. మీ దగ్గు రెండు వారాలు దాటి ఉంటే ఆకూ వద్దు, గోళీ వద్దు, ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీకి కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు, ముందు అది చేయించుకోండి.