ఆయన పరుగుకు వేళ ఉంది, నా పుస్తకానికి లేదు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను. మావారికి 43 ఏళ్లు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మియాపూర్‌లో ఉంటున్నాము. మూడేళ్ల క్రితం షుగర్ హద్దుకు చేరిందని డాక్టరు హెచ్చరించడంతో ఆయన నడక మొదలుపెట్టారు. ఆ నడక పరుగైంది. ఇప్పుడు ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పూర్తి దూరం పరిగెత్తాలన్న పట్టుదలతో ఉన్నారు. వారంలో నాలుగు రోజులు తెల్లవారుజామున లేచి గంటసేపు పరిగెత్తి వస్తారు. ఆదివారం నాలుగున్నరకు వెళ్తే పది దాటాక వస్తారు. టిఫిన్ కూడా ఆ బృందంతోనే, మధ్యాహ్నమంతా నిద్ర. ఇంట్లో ఉన్నంతసేపూ చెవుల్లో పాడ్‌కాస్ట్, లేదంటే చేతి గడియారంలో అంకెలు. బాబుకు వచ్చే మార్చిలో పదో తరగతి పరీక్షలు, పాప ఐదో తరగతి, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మాది వేటపాలెం. పెళ్లికి ముందు సెలవులన్నీ అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయంలోనే గడిచేవి. ఇప్పుడు పుస్తక ప్రదర్శనలో కొన్నవి అట్టలు తెరవకుండానే అలమరలో ఉన్నాయి. ఒకసారి బాధ చెప్పుకుంటే, "తాగుతున్నానా, పేకాడుతున్నానా? పరిగెత్తడం కూడా తప్పేనా?" అన్నారు. మా అక్కేమో అదృష్టవంతురాలివి అంటుంది. ఆయన పతకం తెచ్చినప్పుడు నవ్వుతూనే ఉంటాను, లోపల మాత్రం కోపం వస్తుంది. ఇది అసూయేనా? ఈ మాట ఆయనతో ఎలా చెప్పాలి?
– ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: ఇందులో కొంత అసూయ ఉండవచ్చు, అందుకు మీరు సిగ్గుపడవలసిన పని లేదు. ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరిలో ఒకరికి ఇష్టమైన పనికి వేళ, బట్టలు, స్నేహితులు, పతకాలు అన్నీ సమకూరి, రెండో వారికి ఇష్టమైన పని అలమరలో దుమ్ము పట్టి ఉంటే, ఆ రెండో మనిషికి మనసు కలుక్కుమనడం సహజం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన పరుగు మానేయాలని మీరు ఎక్కడా రాయలేదు. పరుగు గురించి ఎంత రాశారో, చదువుకోలేకపోవడం గురించీ దాదాపు అంతే బాధతో రాశారు. కాబట్టి మీ కోపానికి మూలం ఆ రెండో బాధలో ఉందని నేను అనుకుంటున్నాను.

ముందుగా ఆయన అన్న మాట సంగతి చూద్దాము. "తాగడం లేదు కదా" అన్న వాదన మన ఇళ్లలో చాలామంది మంచి మగవాళ్ల నోట వినిపిస్తుంది. అది విన్న ఆడవాళ్లు నోరు మూసుకుంటారు, ఎందుకంటే తాగే భర్తతో కాపురం చేస్తున్న అక్కో చెల్లెలో ప్రతి కుటుంబంలోనూ ఉంటుంది. అయితే మీరు ఆయన నడవడిని శంకించలేదు, ఇంటి సమయంలో మీ వాటా ఏదని అడిగారు. కాలువ కింద ఎగువ రైతు తన వంతు దాటి నీళ్లు పెట్టుకుంటే అతడి సేద్యాన్ని ఎవరూ తప్పు పట్టరు, కానీ చివరి పొలం ఎండిపోతున్నదన్న మాట ఎవరో ఒకరు అతడికి చెప్పాలి. మీ ఇంట్లో ఆ చివరి పొలం మీ చదువు.

రెండో సంగతి ఆరోగ్యం. షుగర్ పేరు చెప్పగానే మీరు మాట్లాడలేకపోతున్నారు, అందువల్ల ఇక్కడ లెక్క స్పష్టంగా తెలుసుకోవడం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం అవసరం. పరుగు తీవ్ర వ్యాయామం కిందికి వస్తుంది. అంటే ఆయన వారం మధ్యలో పరిగెత్తే నాలుగు గంటలతోనే ఆరోగ్యానికి కావలసినది సమకూరి, ఇంకా మిగులుతోంది. ఆదివారం పరిగెత్తేది ఇష్టంతో. ఆ ఇష్టం మంచిదే, గౌరవించవలసినదే. కానీ డాక్టరు చెప్పిన మందు విషయంలో ఇంట్లోవాళ్లు బేరమాడలేరు, ఇష్టం విషయంలో ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోవచ్చు. ఈ తేడాను ఆయన ముందు నెమ్మదిగా పెట్టండి.

అలాగే ఆయన పక్షాన న్యాయం ఎంత ఉందో కూడా మీరు తెలుసుకోవాలి, లేకపోతే మీ మాటలో బరువు ఉండదు. మారథాన్ పూర్తి దూరం 42.195 కిలోమీటర్లు. దానికి సాధారణంగా 16 నుంచి 20 వారాల సాధన కావాలి. వారానికి ఒకసారి చేసే దీర్ఘ పరుగును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, అసలు రోజుకు మూడు వారాల ముందు 30 కిలోమీటర్ల దాకా తీసుకువెళ్లి, ఆ తరువాత తగ్గించి శరీరానికి విశ్రాంతి ఇస్తారు. ఆగస్టు పరుగుకు సాధన అంటే ఏప్రిల్, మే నెలల ఎండల్లోనే మొదలు కావాలి కనుక, చీకటితో లేవడం ఆయన మొండితనం అనుకోకండి. ఎండ ముదిరాక హైదరాబాద్‌లో అంత దూరం పరిగెత్తడం ప్రమాదం. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ గచ్చిబౌలి చేరే ఆ దారి తేలికైనది కాదని అక్కడ పరిగెత్తిన వాళ్లందరూ చెబుతారు. బూట్ల ఖర్చు మీద కూడా గొడవ వద్దు. పరుగు బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్లకు మెత్తదనం పోగొట్టుకుంటాయి, అరిగిన బూట్లతో పరిగెడితే మోకాలు పోతుంది. గడియారం మాట వేరు, దాని గురించి అడగవచ్చు.

ఇప్పుడు ఆదివారం లెక్క చూడండి. కిలోమీటరుకు ఏడు నిమిషాల చొప్పున 30 కిలోమీటర్లు పరిగెత్తినా మూడున్నర గంటలు పడుతుంది. నాలుగున్నరకు బయలుదేరిన మనిషి ఎనిమిదింటికి పరుగు ముగిస్తాడు. అంత దీర్ఘమైన పరుగులు కూడా మొత్తం సాధనలో కొన్ని వారాలే ఉంటాయి. ఎనిమిది నుంచి పది దాటేదాకా గడిచేది టిఫిను, కబుర్లు. ఆ కబుర్లు ఆయనకు విలువైనవే. నలభై దాటిన మగవాళ్లకు ఆఫీసుతో సంబంధం లేని కొత్త స్నేహాలు దొరకడం అరుదు, దొరికినవాటిని తెంచుకోమని నేను చెప్పను. నెలకు ఒక ఆదివారం బృందంతో టిఫిన్, మిగిలిన ఆదివారాలు ఎనిమిదిన్నరకల్లా ఇంటికి, మధ్యాహ్నం నిద్ర ఒక గంట. ఇది అడగదగిన కోరిక, ఆయన సాధనకు దీనివల్ల ఏ లోటూ రాదు.

ఇక మీ సంగతి. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచినది ఇదే. ఆయన ఇష్టానికి ఒక తేదీ ఉంది, ఒక చోటు ఉంది, తోడు ఉంది, కట్టిన రుసుము ఉంది. అందువల్ల ఇంట్లో అందరూ, అత్తగారితో సహా, దాని చుట్టూ తమ పనులు సర్దుకుంటారు. "రేపు నాన్నకు పరుగుంది, టీవీ సౌండు తగ్గించండి" అని పిల్లలతో చెబుతున్నది బహుశా మీరే. మీ చదువుకు మాత్రం ఇవేవీ లేవు. పనులన్నీ అయ్యాక చదువుకుంటాను అనుకున్నారు, ఇంటి పనులు ఎప్పటికీ అయిపోవు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశవ్యాప్తంగా జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, ఆ పనులు చేసే మగవాళ్లు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారని తేలింది. ఉద్యోగం చేస్తూ ఆ దాదాపు ఐదు గంటలూ మోసే మనిషికి రాత్రి పదిన్నరకు పుస్తకం తెరిస్తే రెండో పేజీలో కళ్లు మూతపడతాయి. మీలో చదివే ఆసక్తి చచ్చిపోయిందని రాశారేమోనని భయపడ్డాను, అలా రాయనందుకు సంతోషించాను. ఆసక్తి అలాగే ఉంది, దానికి మేలుకుని ఉన్న గంటలు దొరకడం లేదు.

కాబట్టి మీ చదువుకు కూడా ఇంట్లో అందరికీ కనిపించే రూపం ఒకటి ఇవ్వండి. నా సలహా శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. ఇంట్లోనే ఒక గదిలో కూర్చుంటాను అనుకోకండి, తలుపు మూసినా పిలుపులు ఆగవు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే మారకుండా కోఠి దాకా వెళ్లవచ్చు. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఆ చుట్టుపక్కలే సుల్తాన్‌బజార్‌లో ఉంది, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమూ అక్కడికి దగ్గరే. తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కొని వెళ్లండి. సారస్వత నికేతనంలో పెరిగిన మీకు పాత పుస్తకాల వాసన, బల్లల వరుసలు, పక్కన ఎవరో మౌనంగా పేజీ తిప్పడం ఎంత హాయిగా ఉంటాయో నేను చెప్పనవసరం లేదు. రైలులో కూర్చునే సమయమూ మీదే. బడిలో మీతో పనిచేసే వాళ్లలో చదివేవారు ఒకరైనా ఉంటే తోడు పిలవండి, ఇద్దరూ ఒకే నవల చదివి దాని గురించి మాట్లాడుకుంటే ఆ శనివారం ఇంకా గట్టిపడుతుంది. అంత దూరం వద్దనిపించే వారం పక్క వీధి పార్కులో బెంచీ చాలు, కానీ ఇల్లు దాటాలి.

ఈ సందర్భంలో మీకు ఎవరో ఒకరు ఒక ఉపాయం చెప్పడం ఖాయం: వంట చేస్తూ ఆడియో పుస్తకాలు వినమని. వినండి, అందులో చెడు లేదు, తెలుగులో కథలు వినిపించే పాడ్‌కాస్టులు చాలానే ఉన్నాయి. కానీ దానిని మీ చదువుకు బదులుగా ఒప్పుకోకండి. అలా ఒప్పుకుంటే పని అంతా మీ దగ్గరే ఉండిపోతుంది, దానికి నేపథ్యంగా ఒక గొంతు మాత్రం చేరుతుంది. నిజానికి ఆ ఉపాయం మీవారికే ఎక్కువ నప్పుతుంది. పాడ్‌కాస్ట్ వింటూ అంట్లు తోమడం, బట్టలు మడతపెట్టడం, మరునాటికి కూరగాయలు తరగడం ఎంతో చక్కగా సాగుతాయి. రాత్రి భోజనాల తరువాత వంటిల్లు ఆయనకూ ఆ పాడ్‌కాస్టుకూ వదిలేయండి. ఆఫీసు నుంచి వచ్చాక భోజనం ముగిసేదాకా మాత్రం చెవులు ఇంటివాళ్లకు తెరిచి ఉంచమని అడగండి. పిల్లలు నాన్నను రెండుసార్లు పిలవవలసి వస్తే, మూడోసారి పిలవడం మానేస్తారు.

ఎలా చెప్పాలని అడిగారు. ఆదివారం ఆయన అలసి వచ్చినప్పుడు వద్దు, అత్తగారి ముందు వద్దు, పతకం చేతిలో ఉన్నప్పుడు అసలే వద్దు. వారం మధ్యలో ఒక సాయంత్రం ఇద్దరూ బయటికి నడిచి వెళ్లి, ఇలా మొదలుపెట్టవచ్చు: "మీరు పరిగెత్తడం నాకు సంతోషమే, షుగర్ అదుపులో ఉండటం నేను చూస్తున్నాను. కానీ ఈ మూడేళ్లలో నేను ఒక్క పుస్తకం పూర్తిగా చదవలేకపోయాను, అది నన్ను బాధిస్తోంది. మీ ఆదివారానికి నేను ఇంటిని ఎలా చూసుకుంటున్నానో, నా శనివారానికి మీరు అలా చూసుకోవాలి." ఇంతకంటే ఎక్కువ ఆ రోజు చెప్పకండి. పాత సంగతులు తవ్వకండి. అత్తగారు ఏమైనా అంటే ఆ జవాబు ఆయన చెప్పాలి, కొడుకు మాటకు ఉన్న చెల్లుబాటు ఆ ఇంట్లో కోడలి వివరణకు ఉండదు. ఈ సంగతి కూడా ఆ సాయంత్రమే ఆయనకు తెలియజేయండి.

మొదటి రెండు మూడు శనివారాలు ఫోన్లు వస్తాయి. అమ్మ మాత్రలు ఎక్కడున్నాయి, పాపకు పాలు ఎన్నింటికి, గ్యాస్ వాడు వచ్చాడు అంటారు. ప్రాణం మీదికి వచ్చే విషయం కాకపోతే, మీరే చూడండి అని పెట్టేయండి, వెనక్కి బయలుదేరకండి. ఇంటికి వచ్చాక వంటిల్లు చిందరవందరగా కనిపించినా ఆ రాత్రి సర్దకండి. మీరు సర్దితే, మీరు లేని నాలుగు గంటల పని మీరే చేసినట్లవుతుంది. అత్తగారి మోకాళ్లకు డాక్టరు చెప్పిన కదలికలు ఏవైనా ఉంటే వాటిని చేయించే బాధ్యత కూడా ఆయనకే అప్పగించండి, కండరాలు, కీళ్ల గురించి ఆయన ఇప్పటికే చాలా తెలుసుకుని ఉంటారు.

మీరూ ఆయనతో కలిసి పరిగెత్తితే సమస్య తీరిపోతుందని కొందరు అంటారు. మీకు ఇష్టముంటే సరే, లేకపోతే దానికోసం తెల్లవారుజామున లేవవలసిన అవసరం లేదు. భార్యాభర్తల ఇష్టాలు ఒకటే కావలసిన పని లేదు. ఆయన గచ్చిబౌలి చేరే రోజున పిల్లలతో వెళ్లి ఆయన కోసం నిలబడండి, చదివిన నవల గురించి మీరు చెప్పేటప్పుడు ఆయన గడియారం చూడకుండా వింటే అది చాలు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 43 ఏళ్ల వయసులో, షుగర్ హద్దుకు చేరిన మనిషి పూర్తి మారథాన్‌కు ముందు గుండె పరీక్షలు చేయించుకుని డాక్టరు అనుమతి తీసుకోవాలి. పరుగులో ఛాతీలో పట్టేసినట్లు ఉన్నా, తల తిరిగినా ఆ క్షణమే ఆగాలి. నొప్పిని దాచిపెట్టి పరిగెత్తుతున్నా, విశ్రాంతి రోజున చికాకుతో ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడుతున్నా, నిద్ర బాగా తగ్గిపోయినా, అప్పుడు ఇది వాటాల సమస్య దాటి వెళ్లినట్లు. అలాంటి సూచనలు కనిపిస్తే డాక్టరును, అవసరమైతే ఇద్దరూ కలిసి ఒక కౌన్సెలర్‌ను కలవండి. మీరు రాసినదాన్ని బట్టి ఆయన అక్కడి దాకా వెళ్లలేదు.

చివరగా తేదీల సంగతి. ఆగస్టు చివర పరుగు ముగిసి, సెప్టెంబరులో ఒళ్లు తేరుకోగానే బృందంలో జనవరి ముంబయి మారథాన్ మాట వస్తుంది. దానికి పేరు ఇస్తే సెప్టెంబరు నుంచి జనవరి దాకా మళ్లీ అదే సాధన. బాబు పదో తరగతిలో గట్టిగా చదవవలసిన నెలలూ అవే. ఏడాదికి ఒక పూర్తి మారథాన్ చాలునా, ఈ ఏడాది ముంబయికి బదులు వారం మధ్య పరుగులతో సరిపెట్టుకుంటారా అన్నది ఆయన పేరు నమోదు చేసుకోకముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి. డబ్బు కట్టాక జరిగే చర్చలో మీకు చోటు ఉండదు. డిసెంబరులో పుస్తక ప్రదర్శన వస్తుంది, ఆ శనివారాన్ని కూడా ఇప్పుడే క్యాలెండరులో రాసి పెట్టండి.