చరిత్ర అంటే విసుక్కునే పిల్లలకు టైమ్ ట్రావెల్ కథలు చెప్పొచ్చా?

మీ బాబుకు పదేళ్లు, చరిత్ర అంటే తేదీల బట్టీ అని విసుక్కుంటున్నాడు, టైమ్ ట్రావెల్ కథలు చెబితే ఆసక్తి పుడుతుందా, లేక తప్పులు నేర్పినట్టవుతుందా అని అడిగారు. ఆసక్తి పుడుతుంది. తప్పులూ దొర్లుతాయి. మా ఇంట్లో అయితే ఆ తప్పే బాగా పనిచేసింది.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు రోజూ పడుకునే ముందు కథ చెప్పేదాన్ని. చిన్ని అనే పిల్ల అమ్మమ్మగారి భోషాణంలో దూరి మూత వేసుకుంటుంది. తెరిచేసరికి 1520, విజయనగరం. దిగీదిగగానే చిన్నికి ఆకలేసింది. నేను ఏమీ ఆలోచించకుండా బజారులో వేడివేడి మిరపకాయ బజ్జీలు తినిపించేశాను. మా అమ్మాయి చటుక్కున లేచి కూర్చుంది. "అమ్మా, మిరపకాయలు పోర్చుగీసువాళ్లు తెచ్చారని టీచర్ చెప్పారు కదా, అప్పుడే బజ్జీలేంటి?"

నిజమే. వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో. ఇరవై రెండేళ్లకే హంపిలో బజ్జీల బండి అంటే మరీ తొందర! మిరప ఒక్కటే కాదు, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. మర్నాడు అవేమీ లేకుండా వండమంది. పెసరపప్పు, మిరియాల చారు, నెయ్యి పెట్టాను. నాలుగు ముద్దలు తిని "పాపం చిన్ని" అని లేచిపోయింది.

అప్పటినుంచి కథ చెప్పే ముందు కాస్త చదువుకోవడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో విజయనగరం చూసిన డోమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాశాడు. రాయలు తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకునేవాడట. మట్టితో చేసిన బరువులు ఎత్తి, నూనె అంతా చెమటై కారేదాకా కత్తి తిప్పి, మల్లులతో కుస్తీ పట్టి, వెలుగొచ్చేదాకా గుర్రం మీద తిరిగేవాడట. ముఖాన మశూచి మచ్చలున్నాయని కూడా రాశాడు. సినిమా రాయలు తప్ప తెలియని మా పిల్లకు ఆ మచ్చలు ఎంత నచ్చాయో! నూనె మాత్రం "యాక్" అంది.

కథ అయ్యాక ఏది నిజమో, ఏది నా కల్పనో చెప్పేసేదాన్ని. చిన్ని అబద్ధం, నూనె నిజం. మీరూ అలా చెప్పండి, తప్పులు నేర్పుతున్నామన్న టెన్షన్ ఉండదు. ఇంకో మాట. డైనోసార్ల నుంచి గాంధీగారి దాకా ఒక్క పుస్తకంలో తిప్పేసేవి నాకు నచ్చవు, టూరిస్టు బస్సు కిటికీలోంచి చూసినట్టుంటాయి. ఒక ఊరు, ఒక రోజు, ఆ పిల్లకు ఓ చిన్న ఇబ్బంది చాలు.

తర్వాత సెలవుల్లో హంపి వెళ్లాం. అందరూ రాతిరథం దగ్గర ఫొటోలు దిగుతుంటే, మాది చిన్ని నీళ్లెక్కడ తాగిందో చూపించమని మెట్ల పుష్కరిణి దగ్గరికి లాక్కెళ్లింది. రాతి స్తంభాల మీద నీటి కాలువ ఇంకా ఉంది. దాని పక్కనే చాలాసేపు నడిచాం.

ఇప్పుడు దానికి పన్నెండేళ్లు, కథ తనే రాస్తోంది. చిన్నిని 1565కు పంపి, విజయనగరం ఓడి పాడుబడిపోయిన తళ్లికోట యుద్ధానికి వెళ్లొద్దని, అప్పట్లో రాజ్యం నడిపిన అళియ రామరాయలకు చెప్పిస్తానంటోంది. చెబితే మనం చూసిన శిథిలాలే ఉండవు కదే అన్నాను. మూడు రోజులుగా అలిగి కూర్చుంది.