పాఠకుల ప్రశ్నలు: పిల్లల ఓపీ తగ్గితే జబ్బులు తగ్గినట్టేనా?

ప్రశ్న: నేను నర్సింగ్ విద్యార్థిని. ప్రాజెక్టు కోసం ఒక ఆసుపత్రి పిల్లల విభాగంలో 2020 జనవరి నుంచి మార్చి వరకు వచ్చిన రోగులను, ఏప్రిల్ నుంచి జూన్ వరకు వచ్చిన వారితో పోల్చాను. ఓపీ సగానికి పైగా పడిపోయింది, అడ్మిషన్ల శాతం మాత్రం పెరిగింది. కోవిడ్ కాలంలో పిల్లల జబ్బులు తగ్గి, వచ్చినవి మాత్రం తీవ్రంగా వచ్చాయని రాయవచ్చునా?
— ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: రాయకూడదు. ఆ రిజిస్టరు చెప్పేది ఆసుపత్రి గడప తొక్కిన పిల్లల గురించే గాని, ఊళ్లో జబ్బుపడిన పిల్లలందరి గురించి కాదు.

ముందు శాతం సంగతి చూడండి. మామూలు రోజుల్లో 100 మంది వస్తే 10 మందిని, లాక్‌డౌన్‌లో 40 మందే వస్తే 8 మందిని చేర్చుకున్నారనుకుందాం. శాతం 10 నుంచి 20కి పెరిగింది, చేరిన పిల్లలు మాత్రం ఇద్దరు తగ్గారు. జలుబుకూ గజ్జికీ వచ్చేవారు ఇంటిపట్టునే ఆగిపోతే, మిగిలినవారిలో తీవ్రమైన కేసుల వాటా దానంతటదే పెరుగుతుంది. కాబట్టి శాతం పక్కన అసలు సంఖ్యను తప్పక వేయండి.

శాతాన్ని నమ్మదగిన సందర్భాలూ ఉన్నాయి. జర్మనీలో టైప్ 1 మధుమేహం కొత్తగా బయటపడిన పిల్లల్లో, అప్పటికే కీటోఅసిడోసిస్ అనే ప్రమాదస్థితికి చేరినవారు 2019 మార్చి-మే నెలల్లో 24.5 శాతం ఉంటే, 2020లో అవే నెలల్లో 44.7 శాతం ఉన్నారు. ఇన్సులిన్ లేకుండా ఆ పిల్లలు బతకలేరు గనుక, నేడో రేపో ఆసుపత్రికి రాక తప్పదు. అంటే అక్కడ రోగుల సంఖ్య కుంచించుకుపోయి శాతం ఉబ్బలేదు. తీసుకురావడం ఆలస్యమైందనడానికే అది గట్టి ఆధారం.

అలాగని తగ్గుదల అంతా భ్రమ కాదు. బడులు మూతపడి, మాస్కులు వచ్చాక, 2020-21 చలికాలంలో అనేక దేశాల్లో ఫ్లూ, పసిపిల్లలకు ఆయాసం తెచ్చే ఆర్‌ఎస్‌వీ దాదాపు కనిపించలేదు. ఆర్‌ఎస్‌వీ 2021లో కొన్నిచోట్ల వేసవిలోనే, కాలం కాని కాలంలో తిరిగి వచ్చింది.

నెలల ఎంపిక కూడా మార్చుకోవాలి. చలికాలపు దగ్గులను వేసవి విరేచనాలతో పోల్చితే, మహమ్మారి ప్రభావమేదో, రుతువు ప్రభావమేదో తేలదు. 2018, 2019 సంవత్సరాల ఏప్రిల్-జూన్ నెలలను తీసుకోండి. లాక్‌డౌన్ మార్చి 25నే మొదలైంది గనుక, మీరు 'ముందు' అనుకున్న కాలంలోనూ ఒక వారం కలిసిపోయింది.

మీ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. కోసిగి, కౌతాళం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు పిల్లలతో సహా గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతాయి. అవి ఊళ్లో ఉన్న నెలకూ లేని నెలకూ పిల్లల జనాభాయే మారిపోతుంది; పైగా లాక్‌డౌన్‌లో ఆర్టీసీ బస్సులు లేక దూరపు పల్లెలవారు రాలేకపోయి ఉండవచ్చు. రిజిస్టరులోని ఊరి పేర్లను బట్టి పట్టణపు పిల్లలనూ పల్లె పిల్లలనూ వేరుచేసి, వయసులవారీగా రెండు పట్టికలు వేయండి. ఊరి పేరు రాయని నమోదులను ఏ పట్టికలోనూ కలపక, అవి ఎన్నో విడిగా చూపించండి.